రోజంతా ఫోన్ చూడడం కూడా ఉద్యోగమేనా?

కోవూరు నుంచి ఒక తండ్రి రాశారు. పాప నెల్లూరులో బీకాం చివరి ఏడాది, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల రీల్స్ చేస్తుంది, నాలుగు వేల మంది ఫాలోవర్లున్నారు, డిగ్రీ అవగానే డిజిటల్ మార్కెటింగ్‌లోకి పోతానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అని 45 వేలు అడుగుతున్నారు. మేమేమో బ్యాంకు కోచింగ్‌కి పంపుదామనుకున్నాం, రోజంతా ఫోన్ చూడడం కూడా ఉద్యోగమేనా మేడమ్, అని అడిగారు.

ఉద్యోగమే సార్. కాకపోతే మీరనుకునే పని, పాప అనుకునే పని, కంపెనీ జీతమిచ్చే పని మూడూ వేరువేరు.

కంపెనీ జీతమిచ్చే పని ఎలా ఉంటుందో చెబుతాను. ఇందుకూరుపేట దగ్గర మా పెదనాన్న కొడుక్కి రొయ్యల గుంటలున్నాయి. వాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) ధర ఎంత, 30 కౌంట్ ఎంత అని మొదలైతే రాత్రిదాకా ఆగదు. మేత కంపెనీల వాళ్లూ, మందుల వాళ్లూ అందులోనే ఉంటారు. ఒకాయన రోజూ మేత బస్తా ఫొటోతో గుడ్ మార్నింగ్ పెడుతుంటే అడ్మిన్ విసిగిపోయి తీసేశాడు. ఇంకో కంపెనీ కుర్రాడు పోస్టర్ జోలికే పోడు. మబ్బు పట్టిన ఒక రోజు, రాత్రి రెండింటికి ఎవరో రొయ్య పైకి తేలుతోందని వీడియో పెడితే, 'ఏరేటర్లన్నీ (నీటికి గాలి అందించే యంత్రాలు) వేశారా అన్నా, పొద్దున మేత ఆపండి, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూసి నంబరు పెట్టండి' అని అప్పటికప్పుడు రాశాడు. మా అన్న ఇప్పుడు వేసేది ఆ కుర్రాడి కంపెనీ మేతే.

పాప చేయాలనుకునే పనికి అసలు రూపం అదే, దాన్నే కమ్యూనిటీ మేనేజ్‌మెంట్ అంటారు. డెన్మార్క్ బొమ్మల కంపెనీ లెగో కూడా అభిమానులు పంపిన డిజైన్లను అందరి ముందూ పెట్టి, పది వేల మంది మద్దతు వచ్చిన వాటిని పరిశీలనకి తీసుకుంటుంది, అందులోంచి కొన్ని నిజంగానే బొమ్మలై షాపులకొస్తాయి. జనం మాట ఓపిగ్గా వినేవాళ్లు కంపెనీలకి కావాలి, నాలుగు వేల ఫాలోవర్ల సంగతి తర్వాత.

45 వేలు మాత్రం కట్టకండి. గ్యారంటీ అన్నవాళ్లని ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి, పోయిన బ్యాచ్ పిల్లల్లో నలుగురితో మాట్లాడించమనండి, ఏమంటారో చూడండి. గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీల్లో పాఠాలు ఉచితం. వాటితో పాటు దగ్గర్లో ఒక నిజమైన వ్యాపారం పట్టుకోమనండి. నేనైతే ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గరికి పంపిస్తాను. జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న పనితనం, కానీ కొనేవాళ్లకి సందేహాలెక్కువ: కడిగితే బూజు పడుతుందా, పసుపు మరక పోతుందా, నాన్‌స్టిక్ గిన్నెకి గీతలు పడతాయా. అలాంటి ఒక్కో ప్రశ్నకీ ఆ గరిటె చేసిన మనిషి చేతే ఇరవై సెకన్లలో జవాబు చెప్పించి వీడియో తీయాలి. ఓ ఐదొందలు పెట్టి యాడ్ వేసి, ఎంతమంది మెసేజ్ చేశారు, ఎంతమంది కొన్నారు, ఒక్కో కొనుగోలుకి ఎంత ఖర్చయింది అన్నది ఎక్సెల్‌లో రాసుకోవాలి. బీకాం పిల్ల కాబట్టి ఈ లెక్క ఆమెకి తేలిక, రీల్స్ బాగా చేసే చాలామందికి రానిది ఇదే.

కస్టమర్ల నంబర్లు, వాళ్ల అనుమతితో, వాట్సాప్ బిజినెస్‌లో విడిగా దాచమనండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లున్నవాళ్లు కూడా రాత్రికి రాత్రి ఒట్టి చేతులతో మిగిలారు.

ఇంకొకటి, ఇది ఈరోజే చెప్పండి. షాపు వాళ్లు డబ్బిచ్చినా, చీర ఊరికే ఇచ్చినా, అది ప్రకటన అని రీల్‌లో స్పష్టంగా చెప్పాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే ఈ నియమం పెట్టింది. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా పడొచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, తెలియక చేసే పిల్లలే ఎక్కువ, అందుకని రాస్తున్నాను.

బ్యాంకు గురించి టెన్షన్ పడకండి. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్లో క్లర్క్‌కి 28, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కి 30 ఏళ్ల దాకా రాయొచ్చు, ఆరు నెలల్లో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. అప్పటిదాకా పాపని ఈ పని చేయనివ్వండి. ఆ తర్వాత ఎక్సెల్ షీటు నాకు పంపమనండి, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఎలాంటి కంపెనీలకి అప్లై చేయాలో అది చూసి చెబుతాను.