రూటరు కొనేముందు

రాజమండ్రి

చి.ల.సౌ. శిరీషకు మావయ్య ఆశీస్సులు.

కొత్త ఇంట్లో పై గదులకు వైఫై అందడం లేదని, మంచి మోడెం చూసి చెప్పమని అడిగావు. మీది ఫైబర్ లైను కదమ్మా, మోడెం జోలికి వెళ్లొద్దు. కంపెనీవాళ్లు ఫైబర్ తీగ తెచ్చి కలిపి గోడకు బిగించిన తెల్ల పెట్టె, అదే ఓఎన్‌టీ, మీకు మోడెం పని చేసేది అదే. దాని సీరియల్ నంబరు వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది. బజార్లో కొన్నది తెచ్చి తగిలిస్తే వాళ్లు ఎక్కించేదాకా పని చేయదు. నువ్వు కొనాల్సింది ఇంట్లో వైఫై పంచే రూటరు.

కొనేటప్పుడు యాంటెనాలు లెక్కపెట్టకు. నేను మొదట నాలుగు కొమ్ముల రూటరు తెచ్చాను. ప్లాను 200 ఎంబీపీఎస్, లాప్‌టాప్‌కి తీగ పెట్టి చూసినా 94 దాటేది కాదు. వారం రోజులు లైన్‌వాళ్లతో గొడవపడ్డాక, ఆ అట్టపెట్టె తిప్పి చూస్తే తీగ గుచ్చే పోర్టులు 10/100 అని ఉంది, అంటే 100 ఎంబీపీఎస్ దాటవు. అన్ని పోర్టులూ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, అని రాసి ఉన్నదే తీసుకో. వైఫై 6 ఉంటే చాలు, అంతకు మించి ఖర్చు పెట్టొద్దు.

అసలు ఇబ్బంది మీ ఇంట్లోనే ఉంది. గృహప్రవేశం రోజు చూశాను, ఆ తెల్ల పెట్టె మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంది. రూటరు వైఫైని రెండు బ్యాండ్లలో పంపుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడ అడ్డొస్తే తగ్గిపోతుంది. 2.4 కాస్త దూరం వెళ్తుంది, కానీ ఇరుగుపొరుగు వైఫైలన్నీ అందులోనే కలుస్తాయి. తొమ్మిదంగుళాల గోడ, పైన స్లాబు, ఎంత ఖరీదైన రూటరైనా ఏం చేస్తుంది? అందుకని ఓఎన్‌టీ దగ్గర్నుంచి పై హాలుకు ఒక క్యాట్6 నెట్ కేబుల్ లాగించు. మెష్ సెట్టు, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు రూటర్లు, తీసుకుని ఒకటి కింద, ఒకటి పైన ఆ కేబుల్ చివర పెట్టు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం లాగనివ్వకు, వేరే పైపు వేయించు. కేబుల్ మీద సీసీఏ అని ఉంటే వద్దను, అది అల్యూమినియానికి రాగి పూత. స్వచ్ఛమైన రాగిదే అడుగు. ఈ తీగ మీద పెట్టే డబ్బుకు వెనకాడకు తల్లీ.

ఓఎన్‌టీని బ్రిడ్జి మోడ్‌లో, అంటే రూటరు పని మీ మెష్‌కే వదిలేసేలా, పెట్టమని లైన్‌మన్‌ని అడుగు. నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకో. కుదరదంటే మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే పంచేలా, పెట్టి, ఓఎన్‌టీ వైఫై ఆపేయించు.

కరెంటు పోయినా అల్లుడుగారి మీటింగు ఆగకుండా మినీ యూపీఎస్ కూడా కావాలి. అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు ఫోటో తీసి పంపు, సరిపడేది నేను చూస్తాను. తుడిచేటప్పుడు ఆ సన్నటి ఫైబర్ తీగ మడత పడకుండా పనిమనిషికి చెప్పు. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ దగ్గర ఎర్రదీపం వెలిగితే తప్పు రూటరుది కాదు, లైనుది.

ఆదివారం వస్తాను. అప్పటిదాకా ఏదీ ఆర్డరు పెట్టకు, ఎలక్ట్రీషియన్‌ని మాత్రం ఆ రోజు ఉండమను.

మీ మావయ్య