గాలిమరలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో కొండ కింద పల్లె. ఒక కంపెనీ మా కొండ మీద, పక్క చేలల్లో ముప్పైకి పైగా గాలి ఫ్యాన్లు పెడుతుందట. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి వంద రూపాయల స్టాంపు కాగితాల మీద సంతకాలు తీసుకుంటున్నారు. మా నాన్న పేరున ఉన్న రెండెకరాల డీకేటీ భూమిని కూడా అడుగుతున్నారు. ఒక ఫ్యాను మా కాలనీకి 350 మీటర్ల దూరంలోనే గుర్తు పెట్టారు. ఊరిని పిలిచి చెప్పింది లేదు, అడిగింది లేదు. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా కట్టడం చట్టవిరుద్ధం కాదా? కోర్టుకెళ్తే ఆగుతుందా?

జవాబు: ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదన్న ఒక్క కారణంతో కోర్టుకెళ్తే మీ కేసు నిలబడదు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా ముందే చెప్పడం నా బాధ్యత. కలెక్టరో, ఆయన తరఫున పెద్ద అధికారో కూర్చుని, 30 రోజుల ముందే నోటీసిచ్చి, ఊరివాళ్ల మాటలు రాసుకునే ఆ సభ 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ నుంచి వచ్చింది. దాని షెడ్యూలులో ఉన్న ప్రాజెక్టులకే అది వర్తిస్తుంది. గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బొగ్గు విద్యుత్తు, పెద్ద జలవిద్యుత్తు అందులో ఉన్నాయి. గాలి విద్యుత్తు లేదు. పైగా 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని కాలుష్యం లేని ‘తెలుపు’ వర్గంలో చేర్చింది.

ఇది చట్టంలో లోటేనని నా గట్టి అభిప్రాయం. ఫ్యాను పొగ వదలదు, నిజమే. కానీ దాని రెక్కను మోసుకొచ్చే ట్రైలరు మలుపు తిరగాలంటే కొండను తొలిచి వెడల్పాటి బాట వేయాలి. ఆ మట్టి వంకలో పడితే చెరువుకు నీళ్లు వచ్చే దారి పూడిపోతుంది. ఏ వంక ఎటు పారుతుందో గొర్రెలు కాసేవాళ్లకు తెలిసినంతగా మ్యాపు గీసినవాళ్లకు తెలియదు. వాళ్లను అడగాల్సిందే. చట్టం అలా రాయలేదు కాబట్టి, మీ మాట చెల్లే చోట్లు వేరే వెతకాలి. అవి ఉన్నాయి.

మొదట భూమి ఎవరిదో తేల్చండి. కొండ సర్వే నంబరు అడంగల్‌లో ఏమని ఉంది? అడవి అయితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. మేత పొరంబోకు, వంక పొరంబోకు అయితే, ఊరి ఉమ్మడి భూములను ఇష్టం వచ్చినట్టు అన్యాక్రాంతం చేయకూడదని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పిన తీర్పు మీకు అక్కరకొస్తుంది. ప్రభుత్వమే పట్టా భూమిని సేకరించి కంపెనీకి ఇస్తుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. సామాజిక ప్రభావ అంచనా నుంచి కొన్ని ప్రాజెక్టులను మినహాయించేలా 2018లో మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించింది కాబట్టి, నోటిఫికేషన్‌ను అక్షరం అక్షరం చదివించుకోండి. రైతులే నేరుగా లీజుకిస్తే మాత్రం ఊరిని అడగాలన్న నిబంధన ఏదీ అడ్డురాదు. అక్కడ ఒక్కో రైతు సంతకమే అసలు అనుమతి.

అందుకే మీ నాన్నగారి సంతకం గురించి ఎక్కువ చెప్పాలి. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం దాని బదిలీని నిషేధిస్తుంది, అందులో ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. నిషేధం ఉన్న భూమిని లీజుకిస్తే ఆ కాగితం చెల్లదు. పైగా ఆ భూమిని రెవెన్యూ వాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన వాటికి ఆ నిషేధాన్ని సడలిస్తూ 2023లో సవరణ తెచ్చారు. కాబట్టి పట్టా తేదీ, అది మొదట ఎవరి పేరున ఇచ్చారన్నది, భూమి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా లేదా అన్నది తహసీల్దార్ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. అంతవరకు ఏ కాగితం మీదా సంతకం వద్దు, అడ్వాన్సు కూడా వద్దు.

సొంత పట్టా ఉన్న మీ పక్క రైతులకూ ఒక మాట. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వంద రూపాయల కాగితం రేపు మీ చేతిలో ఆయుధం కాదు. కౌలు ఏటా ఎంత పెరుగుతుంది, కంపెనీ చేతులు మారితే ఎవరు కడతారు, గడువు తీరాక భూమిలోని కాంక్రీటు దిమ్మెను ఎవరు తవ్వి తీస్తారు, ఈ మూడూ లేని పత్రాన్ని నేనైతే సంతకం పెట్టనివ్వను.

ఇక కాలనీ దగ్గరి ఫ్యాను. నా దృష్టిలో మీకున్న గట్టి పట్టు ఇదే. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, శబ్దం బాధ లేకుండా నివాసాలకు 500 మీటర్ల దూరం పాటించాలని ఉంది. రోడ్లకు, భవనాలకు వేరే లెక్క: స్తంభం ఎత్తు, రెక్కలు తిరిగే వ్యాసంలో సగం, మరో 5 మీటర్లు. 120 మీటర్ల స్తంభానికి 140 మీటర్ల వ్యాసం ఉంటే 195 మీటర్లన్నమాట. మార్గదర్శకం చట్టం సెక్షనుతో సమానం కాదు. అయినా దాన్ని పక్కనబెట్టి అనుమతి ఎలా ఇచ్చారని అధికారిని అడగొచ్చు, హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేసి ప్రశ్నించవచ్చు. శబ్దానికి 2000 నాటి నియమాలు చట్టబద్ధమైనవే. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. 350 మీటర్లని నోటితో చెబితే సరిపోదు. సర్వేయరుతో కొలిపించి, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు జతచేయండి.

చాలామంది మరిచిపోయేది లైన్ల సంగతి. కరెంటు సబ్‌స్టేషను చేరాలంటే లీజుకివ్వని చేలల మీదుగా కూడా టవర్లు వస్తాయి. 66 కేవీ, ఆపైన లైన్లకు టవరు అడుగున ఉన్న భూమికి దాని విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం పరిహారం ఇవ్వాలని కేంద్ర విద్యుత్తు శాఖ 2024 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. అమలు రాష్ట్రం చేతిలో ఉంటుంది కాబట్టి, మీ లైనుకు ఏ ఉత్తర్వు వర్తిస్తుందో కలెక్టరు కార్యాలయంలో అడగండి.

ప్రభుత్వం సభ పెట్టకపోతే మీరు పెట్టించండి. గ్రామసభకు రాజ్యాంగంలో 243-ఎ కింద చోటుంది. సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాసి, కంపెనీవాళ్లను పిలిపించి, ఫ్యాన్లు, బాటలు, వంకలు, లైన్లు సర్వే నంబర్లతో ఉన్న తెలుగు మ్యాపు అడగండి. కాలనీవాళ్లను, కాపరులను, ఆడవాళ్లను మాట్లాడనివ్వండి, వాళ్ల మాటలు తీర్మానంలోకి ఎక్కించండి. ఆ తీర్మానానికి ప్రాజెక్టును ఆపేసే బలం లేదు. కానీ ఊరు ముందే హెచ్చరించిందనడానికి అది సాక్ష్యం, జడ్జిగారు అడిగే మొదటి కాగితం తరచూ అదే. మరోవైపు సమాచార హక్కు కింద అనుమతుల నకళ్లు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

మీరు ప్రాజెక్టంతా వద్దంటున్నారో, ఆ ఒక్క ఫ్యానును దూరం జరపాలంటున్నారో మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. ఊరంతా కూర్చుని ముందు అది తేల్చుకోండి. దూరం మార్చమనో, బాట మళ్లించమనో అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ.

ఆలస్యం మాత్రం చేయకండి. పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, దాని చట్టం 14వ సెక్షన్ కింద వెళ్లడానికి ఆరు నెలలే గడువు, మన బెంచి చెన్నైలో ఉంది. హైకోర్టులో గడువు రాసిలేకపోయినా, పునాది పడి స్తంభం లేచాక వెళ్తే ఇన్నాళ్లూ ఏం చేశారని అడుగుతారు. కొలతతో కూడిన అర్జీని ఈ వారమే కలెక్టరుకు, తహసీల్దార్‌కు ఇచ్చి, రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి.