కాక్‌పిట్‌లో పైలట్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు?

పక్కపక్కనే కూర్చున్నా, శబ్దం ఎక్కువ కాబట్టి హెడ్‌సెట్, ఇంటర్‌కమ్ వాడతారు. ఒకరు విమానం నడుపుతుంటే రెండోవారు రేడియోలో మాట్లాడుతూ మీటర్లు గమనిస్తుంటారు. కంట్రోల్స్ చేతులు మారినప్పుడు "ఐ హావ్ కంట్రోల్" అని ఒకరు, "యూ హావ్ కంట్రోల్" అని మరొకరు పైకి అనాల్సిందే. 10,000 అడుగుల లోపు ఊసుపోక కబుర్లు కుదరవు. అమెరికాలో ఇది 1981 నుంచి నియమం.

వీటికంటే కష్టమైనది, కెప్టెన్ పొరబడుతున్నప్పుడు పక్కవారు నోరు విప్పడం. 1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానం ల్యాండింగ్ గేర్ (దిగేటప్పుడు వాడే చక్రాలు) సమస్యతో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర దాదాపు గంటసేపు గాల్లోనే తిరిగింది. కెప్టెన్ ధ్యాసంతా గేర్ మీదే. ఇంధనం తగ్గుతోందన్న మాట కాక్‌పిట్‌లో వినిపించింది కానీ, "ఇప్పుడే దిగాలి" అని ఎవరూ గట్టిగా అనలేదు. ఇంజిన్లు ఆగిపోయి విమానం కూలింది, పది మంది చనిపోయారు. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ శిక్షణ రావడానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య కారణం.

ఆ శిక్షణలో నేర్పేది ఇదే: ముందు అనుమానం చెప్పు, వినకపోతే ప్రమాదమేమిటో, ఏం చేయాలో సూటిగా చెప్పు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని పెరిగినవాళ్లకు ఇది నిజంగా సాధన కావాల్సిన పని. అందుకే చాలా ఎయిర్‌లైన్స్‌లో ల్యాండింగ్ సమయంలో కో-పైలట్ "గో అరౌండ్" అన్నా సరే, కెప్టెన్ వాదించకుండా విమానాన్ని మళ్లీ పైకి లేపాలి.