ఏడో నెల అంటే జులై కాదమ్మా

అమ్మాయీ,

నీ నవల నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ముందుగా ఒక మాట. "గౌరవనీయులైన మేడమ్ గారికి" అని మొదలుపెట్టావు చూడు, అది వద్దు. మీ అమ్మకంటే పెద్దదాన్ని, పెద్దమ్మా అను చాలు.

మీ అత్తగారు తమ క్వేకర్ పూర్వీకుల కాగితాలూ వస్తువులూ ఉన్న ఆ చెక్కపెట్టెని కన్నకొడుకులిద్దర్నీ కాదని నీ చేతిలో పెట్టిందని చదివి నాకు కాస్త కుళ్ళు పుట్టింది. నేను పెన్సిల్వేనియా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఒక్కరూ నాకు పెట్టె ఇవ్వలేదు. ఇరుగుపొరుగు క్వేకర్ల (పురోహితుడు లేకుండా మౌనంగా ఆరాధించే క్రైస్తవ శాఖవాళ్ళ) ఇళ్ళలో వాళ్ళ పెట్టెల్లోకి తొంగిచూస్తూ, స్వార్త్‌మోర్ కాలేజీలో ఉన్న ఫ్రెండ్స్ హిస్టారికల్ లైబ్రరీలో వాళ్ళ సభల పాత మినిట్స్ చదువుకుంటూ నాలుగు కథలు రాసుకున్నాను. నీకేమో పెట్టె నట్టింట్లోకి నడిచొచ్చింది. విజయవాడ పిల్లవి, ఆ ఇంటి కోడలివి. రాయకుండా ఎలా ఉంటావు.

నీ మొదటి అధ్యాయం చాలా బాగుంది. జోరున వాన, మీటింగ్ హౌస్ మూసిన తలుపు, మీ మామగారి ముత్తాతని కన్న తల్లి బయట నిలబడి ఏడుపు. వేరే మతం వాణ్ణి చేసుకుందని ఆమెను వెలివేశారు, ఊరు ఊరంతా మొహం తిప్పుకుంది. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. కానీ అలా జరిగి ఉండదు.

నీకు దొరికిన ఆధారం హిన్‌షా పుస్తకంలో ఒక్క లైను. "డిస్, ఎంఓయూ" అంటే ఏమిటో మొదట అర్థం కాలేదని రాశావు. నాకూ అంతే. మన పేపర్లలో ఎంఓయూ అంటే ముఖ్యమంత్రి పక్కన ఎవరో సూటు వేసుకుని సంతకం పెట్టడం కదా! ఇక్కడది తమ సమాజానికి బయట పెళ్ళి చేసుకోవడం. డిస్ అంటే సభ్యత్వం తీసేశారని. విలియం వేడ్ హిన్‌షా ఎవరనుకున్నావ్? న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన గాయకుడు. పెద్దవయసులో పాట పక్కనపెట్టి, అమెరికా క్వేకర్ల మినిట్స్‌ని ఇలా పొడి అక్షరాల్లోకి కుదించే పనికి కూర్చున్నాడు. 1936 నుంచి సంపుటాలు రావడం మొదలైంది. ఆయనకి వేల దండాలు. కానీ నువ్వు ఆ పొడి అక్షరాల దగ్గరే ఆగిపోయి, మిగతాది తెలుగు సినిమాలోంచి నింపావు.

అసలు మినిట్స్ తెరిస్తే అక్కడ వానా ఉండదు, తలుపూ ఉండదు. నెలకోసారి కూర్చునే సభ వాళ్ళది, అందుకే మంత్లీ మీటింగ్ అంటారు. ఆడవాళ్ళ సభ వేరు, వాళ్ళ పుస్తకమూ వేరు. ఫలానా ఆమె ఇలా పెళ్ళి చేసుకుందని ఒక నెల రాస్తారు. వెళ్ళి మాట్లాడి రమ్మని ఇద్దరు ఆడవాళ్ళని పంపుతారు. వాళ్ళు మళ్ళీ నెల వచ్చి చెబుతారు. తొందరపడొద్దు, ఇంకో నెల చూద్దాం అంటారు. ఇలా నెలల తరబడి నడుస్తుంది. తప్పు ఒప్పుకుంటూ ఆమె ఒక కాగితం రాసిస్తే అక్కడితో సరి. ఇవ్వకపోతే సభ్యత్వం పోతుంది. పోయినా ఆరాధనకి వచ్చి బెంచీ మీద కూర్చోవచ్చు, ఎవరూ ఆపరు. సభ వ్యవహారాల్లో మాత్రం చోటుండదు. ఏళ్ళ తర్వాత కాగితం రాసిచ్చి మళ్ళీ చేరినవాళ్ళూ ఉన్నారు. ఈమె చేరిందో లేదో తర్వాతి పేజీల్లో చూశావా?

అందుకే "వెలి" అనే మాట కొట్టేశాను. మన ఊళ్ళో వెలి అంటే నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, మంగలి రాడు, చాకలి రాడు. ఆ మాట పడగానే తెలుగు పాఠకుడి కళ్ళ ముందు మన ఊరు లేస్తుంది, మీ మామగారి ఊరు మాయమవుతుంది. "మీటింగ్" అనే మాటతోనూ ఇదే చిక్కు. మనవాళ్ళకి మైకు, శాలువా, వందన సమర్పణ గుర్తొస్తాయి. వాళ్ళదేమో గంటసేపు ఎవరూ నోరు మెదపకపోయినా మంచి మీటింగే. మొదటి పేజీలోనే పాఠకుణ్ణి ఆ నిశ్శబ్దంలో ఓ పది నిమిషాలు కూర్చోబెట్టు. బెంచీ కిర్రుమనడం, ఎవరో దగ్గడం.

వానలో నిలబెట్టే బదులు, ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఆమె గుమ్మం ముందుకు వచ్చిన పొద్దు రాయి. వాళ్ళలో ఒకరు ఆమెకి చిన్నప్పటి స్నేహితురాలే అయుండొచ్చు. లోపలికి రమ్మంది. కూర్చోబెట్టింది. ఏం మాట్లాడుకున్నారో పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంటుంది. మిగతాది నీ పని.

నేను నీకు పాఠాలు చెబుతున్నాను గానీ, నా పరువు పోయిన కథ విను. పాతికేళ్ళ కిందట ఒక క్వేకర్ కుటుంబం మీద కథ రాశాను. చెస్టర్ కౌంటీ రైతు, 1739లో చనిపోయాడు. కోర్టు గుమాస్తా వేసిన తేదీ ఆగస్టు. కొడుకు పుట్టింది అదే ఏడు, ఏడో నెల అని మీటింగ్ రిజిస్టర్లో ఉంది. ఏడో నెల అంటే జులై అనుకున్నాను. కదల్లేని తండ్రి పొత్తిళ్ళలో బిడ్డని అందుకుని, వేలితో బుగ్గ తాకే సీను రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

న్యూజెర్సీ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉత్తరం రాశారు. "అమ్మా, 1752కి ముందు వాళ్ళ మొదటి నెల మార్చి. సెప్టెంబర్లో సప్త లేదూ?" అంతే, ఇంకేం లేదు. గుండె జారిపోయింది. సెప్టెంబర్లో సప్త, అక్టోబర్లో అష్ట, నవంబర్లో నవ, డిసెంబర్లో దశ. లాటిన్‌కీ సంస్కృతానికీ ఉన్న చుట్టరికం స్కూల్లో చదువుకున్నదే, అవసరానికి గుర్తు రాలేదు. క్వేకర్లు జనవరి, మార్చి లాంటి పేర్లు అన్యదేవతలవని పలికేవారు కాదు, నెలలకీ వారాలకీ అంకెలే. ఆదివారం మొదటి రోజు. ఇంగ్లండు, దాని వలసలూ 1752లో పాత పంచాంగం మార్చుకున్నాయి. ఆ ఏడు సెప్టెంబర్ 2 తర్వాత రోజు 14 అయింది. అప్పట్నుంచే వాళ్ళకీ మొదటి నెల జనవరి.

అంటే ఆ బిడ్డ పుట్టింది సెప్టెంబర్లో, తండ్రి పోయాక. నా సీను మొత్తం అబద్ధం. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని వీలునామా తెప్పించి చూస్తే, నా భార్య కడుపులో ఉన్న బిడ్డకి ఇంత అని అందులో రాసే ఉంది. నేను కల్పించిన సీను కంటే ఆ ఒక్క లైను ఎంత బరువుగా ఉందో చెప్పలేను. నీ పేజీల్లో 1752కి ముందు తేదీలు మూడున్నాయి. మూడూ తప్పే. ఎర్ర గీత పెట్టాను.

సంభాషణల సంగతి. ఇంగ్లండులో న్యాయాధికారి ముందు నిలబడ్డ పూర్వీకుడి చేత "మీరు ఆజ్ఞాపించినా నేను ప్రమాణం చేయను" అనిపించావు. ప్రమాణం చేయకపోవడం సరిగ్గా రాశావు. ఎప్పుడూ నిజమే చెప్పాలిగానీ ఒట్టు పెట్టినప్పుడు మాత్రమేనా అన్నది వాళ్ళ వాదన. కానీ "మీరు" ఎక్కడిది? రాజైనా జడ్జీ అయినా వాళ్ళు ఏకవచనంలోనే పిలిచేవారు, టోపీ తీసేవారు కాదు. అందుకు జైలుకీ పోయారు. మన అదృష్టం చూడు, ఇది ఇప్పటి ఇంగ్లీషులో రాసేవాడికి కష్టం. మనకి "నువ్వు" అనే ఒక్క మాట చాలు, కోర్టు హాలంతా ఉలిక్కిపడుతుంది. అయితే 1830ల్లో ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య వచ్చే అదే "నువ్వు"లో తిరుగుబాటు లేదు, అది ఇంటి భాష.

ఇప్పుడు పెట్టె. నువ్వు పంపిన ఫొటోల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ బట్టముక్క. "అందమైన ఎంబ్రాయిడరీ" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఫొటో పెద్దది చేసి చూడు. పువ్వు ఒక్కటీ లేదు. అది చిరిగిన బట్టకి రఫూ చేయడం నేర్చుకున్న ముక్క. కింద వెస్ట్‌టౌన్ అని ఉంది కదా, క్వేకర్లు 1799లో పెట్టిన స్కూలు అది. చుట్టూ గళ్ళున్నాయి, ప్రతి గడిలో అల్లిక వేరు. ఒకటి గళ్ళ లుంగీలా, ఒకటి ఏటవాలుగా, ఒకటి గవ్వల వరసలా. బట్టని కావాలని కత్తిరించి చిల్లు చేసి, ఆ చిల్లుని దారంతో మళ్ళీ నేసింది ఆ పిల్ల. ఎడమ కింది మూల గడిలో దారం లాగేసినట్టుంది, బట్ట ముడుచుకుంది. అక్కడ విసుగొచ్చిందో, టీచర్ పిలిచిందో. నీ నలభై పేజీల్లో ఆమె కన్నీళ్ళు ఎన్నో ఉన్నాయి, ఆ ముడత లేదు. (అదే స్కూల్లో ఆడపిల్లలు పట్టుబట్టతో భూగోళాలు కుట్టేవారు, అక్షాంశాలూ రేఖాంశాలూ దారంతోనే. ఎక్కడైనా కనబడితే వదలకు.)

ఆ బట్టని ఫ్రేము కట్టించి కిటికీ ఎదురుగా పెట్టాలని ఉందన్నావు. ఎండకి రంగు పోతుంది, వద్దు. కాగితాలకి లామినేషన్ వద్దు, సెలోటేపు అసలే వద్దు.

పెట్టెలో ఉన్నవన్నీ పూర్వీకులవే అనుకోకు. మా అమ్మ దగ్గర ఒక ఇత్తడి గిన్నె ఉండేది, దాని మీద "కో. సుబ్బమ్మ" అని చెక్కి ఉంది. ఏ మేనత్తదో అని పిల్లలం రకరకాల కథలు అల్లుకున్నాం. చివరికి అమ్మ నవ్వుతూ చెప్పింది, ఎదురింటావిడ పులుసు పోసి పంపిందట, తిరిగివ్వడం మర్చిపోయిందట. ఆ బానెట్టూ (గడ్డం కింద ముడేసే ఆడవాళ్ళ టోపీ), పొడి అక్షరాల చెంచాలూ అలాంటివి కావచ్చు. అందుకే మీ అత్తగారిని "మీ వంశం గురించి చెప్పండి" అని అడగకు, గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. చెంచా చేతికిచ్చి, ఇది ఏ రోజు బయటికి తీసేవారు, ఎవరు తోమేవారు అని అడుగు. ఫోన్లో రికార్డు పెట్టు. ఆవిడ చెప్పింది మినిట్స్‌తో కలవకపోతే సర్దకు, రెండూ ఉంచు.

ఇంకొకటి, ఇది కాస్త కటువుగానే చెబుతాను. "బానిసత్వాన్ని ఆది నుంచీ ఎదిరించిన వంశం" అని రాశావు. ఎవరు చెప్పారు? 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వం తప్పని రాసిచ్చారు, నిజమే. దాన్ని పై సభలు పక్కన పెట్టాయి. బానిసల్ని ఉంచుకునేవారికి సభ్యత్వం లేదని ఆ ప్రాంతపు మంత్లీ మీటింగులన్నిటికీ పైసభ అయిన ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగ్ తేల్చింది 1776లో. మధ్యలో ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ కాలపు వీలునామాలు, ఆస్తి జాబితాలు తెప్పించు. పరుపు, ఆవు, తగరపు పళ్ళేలు అని చదువుకుంటూ పోతుంటే, మధ్యలో ఒక మనిషి పేరు, ఎదురుగా ధర కనబడవచ్చు. కనబడకపోతే సంతోషమే. కనబడితే మాత్రం అది నవల్లో ఉండాలి. అత్తగారు ఏమనుకుంటుందో అని టెన్షన్ పడకు. తప్పుల్ని ఏళ్ళ తరబడి సొంత పుస్తకాల్లో రాసుకున్న జాతి ఆవిడది, నీకంటే గట్టిది.

సమాధి దొరకలేదని బాధపడ్డావు. దొరకదు. సమాధి రాయి కూడా ఆడంబరమేనని చాలాకాలం పెట్టనివ్వలేదు. ఆ గడ్డిలోనే ఎక్కడో ఉన్నారు, అలాగే రాయి.

ఒహాయో శాఖ ఎలా కలిసిందో తెలియలేదన్నావు. ఊరు మారేటప్పుడు పాత మీటింగ్ సర్టిఫికెట్ ఇచ్చేది, మన స్కూలు టీసీ లాంటిదే: మంచి నడవడి, అప్పులు లేవు, ఎవరితోనూ పెళ్ళి ఒప్పందం లేదు. ఇచ్చిన చోటా తీసుకున్న చోటా రాసుకునేవారు. 1827లో వాళ్ళు రెండుగా చీలారు కాబట్టి ఆ తర్వాతవి ఇద్దరి పుస్తకాల్లోనూ వెతకాలి. ఆ చీలిక వల్లే సభ్యత్వం పోయినవాళ్ళూ ఉన్నారు.

పెట్టె అడుగున చుట్టచుట్టి ఉన్న పెద్ద కాగితాన్ని నువ్వు భయపడి విప్పలేదన్నావు. మంచి పని చేశావు. నువ్వు చెప్పిన కొలతల్ని బట్టి అది పెళ్ళి సర్టిఫికెట్ అయుంటుంది. వాళ్ళకి పురోహితుడు లేడు, అందరి ముందూ ఇద్దరూ లేచి మాట ఇచ్చుకుంటారు, తర్వాత ఆ గదిలో ఉన్నవాళ్ళంతా సంతకాలు పెడతారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురి పేర్ల కింద, కుడివైపు వరసలో, మామూలుగా దగ్గర చుట్టాలుంటారు. అంటే ఆ రోజు ఎవరొచ్చారో తెలుస్తుంది, ఎవరు రాలేదో కూడా.

వచ్చే నెల మీరు ఇటు వస్తున్నారు కదా, పెట్టె తీసుకురా. స్వార్త్‌మోర్‌లో కాగితాలు విప్పడం తెలిసినవాళ్ళున్నారు, ఇద్దరం కలిసి వెళ్దాం. కార్లో ఎండ పడని చోట పెట్టు. నాకు తెస్తానన్న ఆవకాయ సీసా మాత్రం వేరే సంచిలో పెట్టు, దాని పక్కన వద్దు.

మీ పెద్దమ్మ