ఒడిలో కూర్చుని ఇంట్లోవాళ్ల మీద గుర్రుమనే టెర్రియర్ కుక్కని మార్చడమెలా?

సోఫాలో ఒకరికి అతుక్కుని, ఇంకొకరు దగ్గరికొస్తే గుర్రుమనడం ప్రేమ కాదు, చాలాసార్లు తన సొత్తు పోతుందన్న బెదురు. అందుకని కొట్టకండి, అరవకండి. గుర్రుమనడం మాన్పించిన కుక్క ఈసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

గుర్రుమనగానే మాట్లాడకుండా మీరే లేచి వెళ్లిపోండి. అది కాపలా కాస్తున్నది మిమ్మల్నే కదా! చేత్తో ఎత్తి దించబోతే కరిచే ప్రమాదముంది. మీరు ఇంట్లో ఉన్నంతసేపూ ఛాతీ పట్టీకి మీటరున్నర తేలికపాటి తాడు ఉంచి, దాంతో మెల్లగా దించండి.

అసలు పని రెండోవాళ్లది. కుక్క ఒళ్లు బిగుసుకోనంత దూరంలో, రెండు మూడు మీటర్లనుకోండి, ఆగి, గోరంత ఉడికించిన చికెన్ ముక్క విసిరి వెనక్కి వెళ్లాలి. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. మనిషిని చూడగానే ముక్క కోసం తోక ఊపితే, మర్నాడు ఒక్క అడుగు ముందుకు. నోరు మూసేసి, కంట్లో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసిందా, తొందరపడ్డట్టే.

నీడలా వెంట తిరుగుతుంటే చాప మీద పడుకోబెట్టి 5 సెకన్లు పక్కకెళ్లి రండి. నిశ్చింతగా ఉంటేనే 10, 20 సెకన్లకు పెంచండి. టెర్రియర్లు ఎలుకల్ని, కుందేళ్లని తవ్వి పట్టడానికి పెంచిన జాతులు. పాత తువ్వాలు మడతల్లో తిండి దాచి వెతికించండి, ఆ ముక్కుకూ పని కావాలి.

ఈ ప్రవర్తన ఉన్నట్టుండి మొదలైతే ముందు పశువైద్యుడికి చూపించండి, నొప్పి కావచ్చు.