అంగన్‌వాడీకి ఆదాయం సర్టిఫికెట్ కావాలా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ, నేను మిర్చి తొడిమెలు తీసే పనికి పోతాను. రేషన్ కార్డు ఊళ్లో మా అత్తమ్మ పేరు మీద ఉంది. పాపకు మూడున్నరేళ్లు. ఆదాయం సర్టిఫికెట్ లేకుంటే అంగన్‌వాడీలో చేర్చుకోరని పక్కింటామె చెప్పింది. మీసేవకు రెండుసార్లు తిరిగాను. టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఓ తల్లి, కాశీబుగ్గ, వరంగల్

జవాబు: అమ్మా, ముందు మీసేవ చుట్టూ తిరగడం ఆపండి. అంగన్‌వాడీకి ఆదాయ పరిమితి లేదు. రేషన్ కార్డు లేదని కాదనడానికి కూడా వీల్లేదు. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలెవరైనా అక్కడ ఆటపాటలతో చదువుకోవచ్చు, అన్నం తినొచ్చు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 2013 ఆహార భద్రత చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ ఉచిత ఆహారం హక్కు. మీ పాప వయసు వాళ్లకు రోజుకు ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రొటీన్ అందాలో కూడా అందులోనే రాసి ఉంది.

మీ పక్కింటామె ఎక్కడ పొరబడిందో నాకు అర్థమైంది. గురుకులాల్లో 5వ తరగతి సీటుకు ఆదాయం చూస్తారు, పల్లెల్లో లక్షన్నర, పట్నంలో రెండు లక్షల లోపు ఉండాలి. ఆ లెక్కను అంగన్‌వాడీకీ అంటగట్టినట్టుంది.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు మీలాగే మిర్చి పనికి పోయే ఓ తల్లి పాలిథిన్ కవరు నిండా కాగితాలతో సెంటర్ గడప బయటే నిలబడింది. లోపలికి రావడానికి భయం. కవరు పక్కన పెట్టించి, పాపను తూకం మీద కూర్చోబెట్టాం. మూడేళ్లు దాటినా పది కిలోలు లేదు. తల్లి చేతుల ఘాటుకు కళ్లు నలుపుకుంటూనే, ఆయమ్మ పెట్టిన గుడ్డు సగం తిని మిగతా సగం గౌను అంచులో చుట్టుకుంది, ఇంట్లో తమ్ముడికని. అంత బరువు తక్కువున్న బిడ్డను కాగితం కోసం వారం రోజులు తిప్పితే ఆ వారం తిండి ఎవరు తిరిగిస్తారు? ఇప్పటికీ ఎక్కడైనా తల్లుల్ని అలా తిప్పుతున్నారని వింటే నాకు కడుపు రగిలిపోతుంది.

మీ ఇంటికి దగ్గరున్న సెంటర్‌కు రేపే పాపను తీసుకుని వెళ్లండి. మీ ఆధార్, పాప బర్త్ సర్టిఫికెట్ ఉంటే పట్టుకెళ్లండి. పాపకు ఆధార్ లేకున్నా మీదానితో పేరు రాసుకోవచ్చు. ఊళ్లో అంగన్‌వాడీ నుంచి బాలామృతం (చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పిండి) తీసుకున్నప్పుడు పేరు నమోదై ఉంటే, టీచర్‌కు ఆ మాట తప్పక చెప్పండి, ఆ పేరును అంగన్‌వాడీ టీచర్లు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లోనే ఇక్కడికి మార్చే వీలుంది. కాదంటే గొడవపడకండి, సూపర్‌వైజర్ నంబర్ అడగండి. ఆమె పైన సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఉంటారు.

ఇంకో మాట. సాయంత్రం పని నుంచి రాగానే చేతులకు నూనె రాసుకుని సబ్బుతో కడుక్కోండి, ఆ తర్వాతే పాపను ఎత్తుకోండి.