పగలు అతి తక్కువగా ఉండే రోజున యోగా: బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ఏం చేయవచ్చు?

ప్రశ్న: నా వయసు 58 ఏళ్లు. బీపీకి ఆరేళ్లుగా రోజుకో అమ్లోడిపిన్ మాత్ర వేసుకుంటున్నాను. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పారు. చలికి నొప్పులు ఎక్కువై, పది రోజులుగా డైక్లోఫెనాక్ మాత్రలు కూడా వాడుతున్నాను. ఇంట్లో చూసుకుంటే బీపీ 150/94 ఉంటోంది. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజని డిసెంబరు 21న మా కాలనీ యోగా బృందం తెల్లవారుజామున 5 గంటలకు మైదానంలో 108 సూర్య నమస్కారాలు, ఆ తర్వాత ధ్యానం పెట్టుకుంది. టొరంటోలో ఉన్న మా అమ్మాయి కూడా ఫోనులో కలిసి ధ్యానం చేస్తానంటోంది. నేను పాల్గొనవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

సమాధానం: ధ్యానంలో నిరభ్యంతరంగా పాల్గొనండి. 108 సూర్య నమస్కారాలు మాత్రం ఈ ఏడాది వద్దు.

మీ ఉత్తరంలో నేను ముందుగా ఆగిపోయింది నొప్పి మాత్రల దగ్గర. డైక్లోఫెనాక్ వంటి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి ఉంచి బీపీని పెంచుతాయి; ఎక్కువ రోజులు వాడితే మూత్రపిండాల మీదా, గుండె మీదా భారం పడుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల ఈ కాలంలో బీపీ ఎలాగూ కొంత పెరుగుతుంది కాబట్టి, మీ 150/94కి ఈ రెండూ కారణమై ఉండవచ్చు. బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, మోతాదు పెంచుకోవద్దు. రోజూ ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక బీపీ చూసి, ఒక వారం అంకెలు రాసుకుని మీ డాక్టరుకు చూపించండి. మోకాళ్లకు పారాసిటమాల్ గానీ, పైపూతగా రాసే జెల్ గానీ సరిపోతుందేమో అప్పుడే అడగండి.

ఇక వేళ సంగతి. డిసెంబరు 21న ఆదిలాబాద్‌లో సూర్యోదయం సుమారు 6.45కి అవుతుంది. అంటే 5 గంటలకు మైదానంలో చీకటి, మంచు, మీ జిల్లాకు పేరు తెచ్చిన ఆ చలి తప్ప ఏమీ ఉండవు. తెల్లవారుజామున బీపీ సహజంగానే పెరుగుతుంది. గుండెపోట్లు కూడా ఉదయం వేళల్లో, అందులోనూ చలికాలంలో ఎక్కువ. సూర్యుడు దక్షిణపు చివరకు చేరి ఉత్తరానికి మళ్లే ఆ ఘడియ ఏటా ఒకే వేళకు రాదు. ఒక్కో ఏడు సాయంత్రమో, అర్ధరాత్రో కూడా పడుతుంది. అందుచేత ఎండ వచ్చాక 7.30కి ఇంట్లోనో, వరండాలోనో కూర్చున్నంత మాత్రాన ఆ రోజు విశేషం ఏమీ తగ్గిపోదు.

ఒక్కో సూర్య నమస్కారంలో 12 భంగిమలుంటాయి. 108 అంటే 1,296. ఒక్కో నమస్కారంలో తల కనీసం మూడుసార్లు గుండె కంటే కిందికి వంగుతుంది, మోకాలు నేలకు ఆని బరువు మోస్తుంది. ఇలా మూడు వందల సార్లకు పైగా వంగి లేవడం అదుపులో లేని బీపీకి, అరిగిన మోకాలికి తగిన పని కాదు. బృందంలో మిగతావారు చేస్తున్నారన్న మొహమాటంతో మొదలుపెట్టి మధ్యలో ఆపలేకపోయినవారిని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దానికి బదులు చేతులు లేని గట్టి కుర్చీలో నడుము నిటారుగా పెట్టి కూర్చోండి. శ్వాస తీసుకుంటూ చేతులు పైకెత్తి, వదులుతూ దించండి. నడుమును మెల్లగా కుడికీ ఎడమకూ తిప్పండి. ఒక్కో కాలిని ముందుకు చాచి, ఐదు లెక్కపెట్టేవరకు నిలిపి దించండి. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది కాబట్టి దీన్ని ఆ ఒక్క రోజుతో ఆపకుండా రోజూ చేయండి. తర్వాత దుప్పటి కప్పుకుని పది నిమిషాలు శవాసనం. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. బీపీ మందులు వాడేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. మోకాళ్లు మడిచి కూర్చునే వజ్రాసనం, తలకిందులుగా ఉండే శీర్షాసనం, సర్వాంగాసనం మీకు వద్దు.

శ్వాస విషయంలో ఒక్కటి తప్పనిసరి: బిగపట్టకూడదు. వేగంగా, బలంగా శ్వాస ఆడించే కపాలభాతి, భస్త్రిక మానండి. కుంభకం (శ్వాస బిగపట్టడం) లేకుండా ఒక ముక్కుతో పీల్చి రెండో ముక్కుతో వదిలే అనులోమ విలోమం, తుమ్మెదలా ఝుంకారం చేస్తూ శ్వాస వదిలే భ్రామరి చేయవచ్చు. నిమిషానికి ఆరేడు శ్వాసలు ఉండేలా నిదానంగా పీల్చి వదలడం రోజూ సాధన చేస్తే బీపీ కొద్ది పాయింట్లు తగ్గే అవకాశం ఉంది. అయితే అది మందుకు తోడే గానీ మందుకు బదులు కాదు.

ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2024లో డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించింది. మీరు ఉదయం 7.30కి కూర్చుంటే టొరంటోలో ముందురోజు రాత్రి 9 అవుతుంది, ఇద్దరికీ వీలైన వేళే. ఆ రోజుల్లో మీకు ఆదిలాబాద్‌లో దాదాపు 11 గంటల పగలుంటే, అమ్మాయికి దాదాపు 9 గంటలే ఉంటుంది. వెలుతురు తగ్గే ఆ నెలల్లో కొందరికి దిగులు, అతినిద్ర, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి వస్తాయి. అవి రెండు వారాలకు మించి ఉంటే ధ్యానంతో సరిపెట్టుకోకుండా అక్కడి డాక్టరును కలవమని చెప్పండి.

ఆ ఉదయం బీపీ మాత్ర ఎప్పటిలాగే వేసుకోండి. అంకె 180/110 గానీ అంతకు మించి గానీ ఉంటే వ్యాయామం మాని డాక్టరుకు ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వీటిలో ఏది కనిపించినా కాసేపు చూద్దామని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.